దగ్గర్లో పండేవి, ఆ కాలంలో దొరికేవి తింటే నిజంగా లాభముందా?

ఇదంతా ఫ్యాషనా, నిజంగా ఏమైనా లాభముందా అని అడిగారు. విటమిన్ల లెక్కలు డాక్టర్లు చెబుతారు. నాకు తెలిసిన లాభం ఒకటే. అమ్మినవాడు రేపు కూడా మన వీధిలోకే రావాలి, అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకుని అమ్ముతాడు.

మాది నెల్లూరు పక్కన పల్లె. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆపేస్తారు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలవదు, కాబట్టి మే నెలలో అటు చేప ఐసులో పడి ఇటు రావచ్చు. ఒక ఎండాకాలం బావ వాళ్లు హైదరాబాదు నుంచి వస్తున్నారని నాన్న టౌన్‌లో వంజరం, అదే సముద్రపు చేప, కొనుక్కొచ్చాడు, ‘ఇప్పుడే వచ్చిన సరుకు’ అన్నాడంట అమ్మినాయన. మా మేనత్త మొప్ప ఎత్తి చూస్తే ఎరుపన్నదే లేదు, బూడిద రంగు. కన్ను లోపలికి పోయింది, వేలితో నొక్కితే గుంట అట్నే నిలిచిపోయింది. "దీంట్లో మామిడికాయ వేస్తే కాయ కూడా దండగే నాయనా" అని దాన్ని పక్కకు నెట్టి, నన్ను చెరువు దగ్గరికి తోలింది. నీళ్లు ఇంకిపోయి అక్కడ చేపలు పడుతున్నారు. నేను తెచ్చిన కొరమీను ఇంటికొచ్చాక కూడా గిన్నెలో కొట్టుకుంటానే ఉంది. దొడ్లో పుల్లమామిడికాయ కోసి, పులుసు మరిగాక చివర్లో ముక్కలు వేసి దించింది. మర్నాడు దాకలో మిగిలిన పులుసు కోసం బావ, నాన్న పోటీ పడ్డారు.

చెరువులు ఎండేదీ, మామిడికాయ పులుపు మీదుండేదీ ఒకే నెలల్లో. నెల్లూరు పులుసు అందుకే పుట్టిందని నా గట్టి నమ్మకం. డిసెంబరులో ఫ్రిజ్‌లో దాచిన ముక్కలతో ఆ రుచి ఎక్కడిది?

ఇంకో బాధ కూడా చెప్పాలి. వీధి చివర తాటిముంజెలు కొట్టిస్తుంటే ఆగకుండా పోయి పిల్లలకు కూల్‌డ్రింక్ కొనిపెట్టే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మామిడిపండ్ల సంగతీ అంతే. కార్బైడ్‌తో మగ్గించడం నిషేధం, ఇథిలీన్ వాయువుకైతే 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) దాకా అనుమతుంది, అయినా తొందరపడి మార్చిలోనే పసుపుపచ్చగా మెరిసే పండ్లు కొంటారు. కాస్త ఆగితే ఉలవపాడు కాయ హైవే పక్కనే బుట్టల్లో దొరుకుతుంది. తొడిమ దగ్గర వాసన చూడండి, వాసన రాకపోతే రంగెంత బాగున్నా కొనొద్దు.