సాంభర్‌కు వెళ్లే ముందు

అమ్మా శ్రావణీ,

జైపూర్‌లో ఉద్యోగంలో చేరావని, వచ్చే ఆదివారం సాంభర్ ఉప్పు సరస్సుకు పక్షుల్ని చూడ్డానికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! ఆ ఊళ్లో పనిచేసిన 11 ఏళ్లూ చలికాలంలో సెలవు దొరికితే నేను అక్కడే ఉండేవాణ్ని.

దూరం సుమారు 80 కిలోమీటర్లు. చీకటితోనే బయల్దేరు. ఎండెక్కితే ఉప్పు నేల మీద వేడిగాలి ఆడి, బైనాక్యులర్‌లో పక్షులన్నీ వణుకుతూ కనిపిస్తాయి. సూర్యుడు నీ వీపు వైపు ఉండేలా నిలబడు.

అన్నిటికంటే ముఖ్యం, గట్టు దిగకు. నీళ్లు ఇంకిన చోట నేల తెల్లగా, సిమెంటు చేసినట్టు ఉంటుంది. నమ్మకు. పైనున్నది పలచని ఉప్పు పెచ్చు, కింద నల్లటి బురద. ఒకసారి ఫ్లెమింగోల ఫొటో కోసం దాని మీద నడిచాను. ముప్పై అడుగులు వేశానో లేదో పెచ్చు పగిలి మోకాలి దాకా దిగబడ్డాను. కుళ్లిన గుడ్ల వాసన. కాలైతే వచ్చింది, చెప్పు లోపలే ఉండిపోయింది. నా గింజులాటకు గుంపంతా లేచిపోయింది. మళ్లీ మధ్యాహ్నం దాకా అక్కడ వాలలేదు. తల కిందులుగా ముంచి, నాలుకతో నీళ్లు లాగి నెట్టి, గంటల తరబడి జల్లెడ పడితేగానీ వాటి కడుపు నిండదు. ఆ పూట తిండి నేను చెడగొట్టాను. ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే ఒకచోట కూర్చో, కదలకు. గంటలో అవే మేస్తూ నీ వైపు వస్తాయి. ఎవరైనా డ్రోన్ ఎగరేస్తుంటే వద్దని చెప్పు. 1990 నుంచి అది రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద కాపాడాల్సిన చోటు.

మన పులికాట్‌లో, శ్రీహరికోట దారిలో నువ్వు చూసినవి ఎక్కువగా పెద్ద ఫ్లెమింగోలు. గులాబీ ముక్కు, కొసన నలుపు. సాంభర్‌లో చిన్న రకం కూడా దండిగా ఉంటుంది. ముక్కు ముదురు ఎరుపు, దూరానికి నల్లగానే అనిపిస్తుంది. క్షార జలాల్లో పెరిగే సన్నటి నాచే దాని ప్రధాన ఆహారం. పెద్దవి మెడ లోతుగా ముంచి బురద కెలుకుతాయి, చిన్నవి నీటి పైపైనే మేస్తాయి. మేత చూసే రెండింటినీ పోల్చుకోవచ్చు. ఉప్పు మళ్ల పక్కన బాపన బాతులు కూడా కనిపిస్తాయి.

2019 నవంబరులో సాంభర్‌లోనే బొట్యులిజం, అంటే బ్యాక్టీరియా విషంతో ఒళ్లు చచ్చుబడే జబ్బు, సోకి వేల పక్షులు చచ్చిపోయాయి. చచ్చినదాని మీద పట్టిన పురుగుల్ని తిన్న పక్షికీ ఆ విషం ఎక్కుతుంది. రెక్కలు వేలాడేసి, మెడ నిలపలేని పక్షి కనిపిస్తే తాకకు, వెంటనే అటవీ శాఖకు ఫోన్ చెయ్యి. కళేబరాల్ని త్వరగా తీసేస్తే మిగతావి బతుకుతాయి.

ఫ్లెమింగోల గుంపులో బూడిద రంగువి ఉంటే అవి పిల్లలు. తిండిలోని రంగు ఒంటికి పట్టడానికి వాటికి రెండు మూడేళ్లు పడుతుంది. ఎన్నున్నాయో లెక్కపెట్టి రాయి తల్లీ. నా పాత నోట్‌బుక్కుల్లోని లెక్కల పక్కన నీదీ రాసుకుంటాను.

మీ పెదనాన్న