జేసన్ లాగ్ ఫైల్ రావట్లేదా? ముందు కలెక్టర్ చూడండి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, లాగ్ ఏ రూపంలో రావాలో చెప్పే లాగ్_డెస్టినేషన్‌కి జేసన్‌లాగ్ అని ఇచ్చి రీలోడ్ కొట్టినా ఫైల్ పడట్లేదన్నారు కదండీ. ఆ విలువను కిమ్మనకుండా తీసుకుందంటే మీది 15 గానీ ఆ పై వెర్షన్ గానీ అయ్యుండాలి. 14లో ఈ సదుపాయమే లేదు. కాబట్టి నా అనుమానమంతా లాగ్ మెసేజ్‌లను పట్టి ఫైళ్లలో రాసే లాగింగ్_కలెక్టర్ మీదే. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేశాక రీలోడ్ చాలదు, సర్వర్‌ని రీస్టార్ట్ చేయాల్సిందే. నేనూ ఇక్కడే ఒక పూటంతా పోగొట్టుకున్నా.

తర్వాత డేటా డైరెక్టరీలో కరెంట్_లాగ్‌ఫైల్స్ తెరవండి, జేసన్ ఫైల్ ఎక్కడుందో అందులోనే ఉంటుంది. సరిచూసుకోవడానికి, టెస్ట్ టేబుల్‌లో ఉన్న ప్రైమరీ కీనే మళ్లీ ఇన్సర్ట్ చేయండి. ఆ జేసన్ ఫైల్‌లో స్టేట్_కోడ్ దగ్గర 23505 (ఉన్న కీనే మళ్లీ ఇచ్చారన్న ఎర్రర్ కోడ్) కనిపించాలి. అలర్ట్‌లు కూడా ఆ కోడ్ మీదే పెట్టుకోండి. సర్వర్ భాష సెట్టింగ్ మారితే మెసేజ్ మాటలు మారిపోతాయి, కోడ్ మారదు.