నవంబరు 20 సంస్మరణ సభ గురించి మనవరాలికి

చిరంజీవి మనవరాలికి,

నెల్లూరు నుంచి నానమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఒంగోలులో ఈసారి నవంబరు 20న, చనిపోయిన ట్రాన్స్‌జెండర్లను తలుచుకునే రోజున, మనవాళ్ల సంస్మరణ సభ పెట్టాలని మీరందరూ అనుకున్నట్టు, ఆ పనిలో దిగే ముందు నన్నొక మాట అడగమని, నిన్ను మనలో కలుపుకున్న నీ గురువు చెప్పినట్టు ఫోనులో అన్నావు. ఫోనులో తేలే సంగతి కాదు కనుక కాగితం మీద పెడుతున్నాను. హాలు గురించి, మైకు గురించి, కొవ్వొత్తుల గురించి అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ సాయంత్రం చదివే పేర్లు, వాటి వెంట చెప్పే నాలుగు మాటలు సరిగ్గా లేకపోతే మిగతా ఏర్పాట్లు ఎంత బాగా కుదిరినా చనిపోయినవాళ్లకు మన చేతులతో మరొక అన్యాయం చేసినట్టే అవుతుంది.

ఈ రోజు పుట్టిందే ఆ కారణం వల్ల. అమెరికాలోని బోస్టన్‌లో, ఆల్‌స్టన్ అనే పేటలో, రీటా హెస్టర్ అనే నల్లజాతి ట్రాన్స్ మహిళను 1998 నవంబరు 28న ఆమె ఇంట్లోనే పొడిచి చంపారు. అక్కడి పత్రికలు ఆమెను మగవాడిగా రాశాయి, ఆమె పెట్టుకున్న పేరును మారుపేరు అన్నట్టు చూపించాయి. ఆమె స్నేహితులు కొవ్వొత్తులు పట్టుకుని వీధిలోకి వచ్చినప్పుడు చావు మీద ఎంత దుఃఖం ఉందో ఆ రాతల మీద అంత కోపం ఉంది. అదే బోస్టన్ పక్కన మూడేళ్ల ముందు, 1995 నవంబరు 20న, షానెల్ పికెట్ అనే మరొక ట్రాన్స్ మహిళ హత్యకు గురైంది. రీటా గురించి మాట్లాడుతున్నవాళ్లలో ఆమె పేరు గుర్తున్నవాళ్లు లేకపోవడం చూసి గ్వెండొలిన్ ఆన్ స్మిత్ అనే ఆమె చనిపోయినవారి పేర్లన్నీ ఒకచోట చేర్చడం మొదలుపెట్టింది. 1999 నుంచి ఏటా ఈ సంస్మరణ జరుగుతోంది. సొంత మనుషులే మూడేళ్లకు మరిచిపోయారన్న సంగతిని మీ సభలో ఎవరైనా ఒకరు తప్పకుండా చెప్పాలి.

మన దగ్గర చనిపోయిన మనిషిని మూడు చోట్ల తప్పుగా రాస్తారు. మొదటిది శవ పంచనామా. ఆధార్‌లో ఏ పేరుంటే ఆ పేరు, ఏ లింగముంటే ఆ లింగం అందులోకి ఎక్కుతుంది, పక్కన నిలబడి ఏడుస్తున్న గురువు మాట ఎవరూ అడగరు. రెండవది పత్రిక. ‘హిజ్రా దారుణ హత్య’ అని శీర్షిక పెట్టి, లోపల పాత పేరు రాసి, ఆ పక్కన అలియాస్ అని అసలు పేరు తగిలిస్తారు. మూడవది ఇల్లు. రక్తసంబంధం పేరు మీద శవాన్ని తీసుకువెళ్లిన ఇంట్లోవాళ్లు ఊరి పొలిమేరలోనే కొప్పు కత్తిరించి, గాజులు తీసి, చీర విప్పి, చొక్కా లుంగీ తొడిగి పాడె మీద పడుకోబెట్టడం నేను కళ్లారా చూశాను. ముక్కుపుడక రాకపోతే దాన్ని అలాగే ఉంచి మీద తువ్వాలు కప్పారు. బతికున్న రోజుల్లో గుమ్మం తొక్కనివ్వనివాళ్లు చనిపోయాక తమ కొడుకును తాము తెచ్చుకున్నారు. దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డ మమ్మల్ని మంట అంటించేదాకా దగ్గరికి రానివ్వలేదు.

కాబట్టి మీ సభ ఈ మూడు రాతలనూ దిద్దాలి. దాని కోసం ఇప్పుడే ఒక లాంగ్ నోటుబుక్కు కొని మనిషికొక పేజీ కేటాయించు. ఆమె తనకు తాను పెట్టుకున్న పేరు, ఏ ఊరిది, ఏ పని చేసింది, ఎవరితో కలిసి ఉండేది, ఎప్పుడు ఎలా పోయింది, ఈ వివరాలు నీకు ఎవరు చెప్పారు అన్నవి అందులో రాయి. వాట్సాప్‌లో తిరిగే పాత మెసేజీలను పట్టుకుని రాయవద్దు. ఆమెతో ఒకే గదిలో ఉన్నవాళ్లను, ఆమెను గురువుగా తీసుకున్న చేలాలను, ఉత్తరం వస్తే తీసి దాచిపెట్టిన ఇంటి ఓనరమ్మను అడుగు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకుని, సభలో మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నదే చదువు. మగవాడిగా పుట్టిన ఆడవాళ్లతోనే జాబితా ముగించకు. ఆడపిల్లగా పెరిగి మగవాడిగా బతికిన ట్రాన్స్ పురుషులు మన జమాత్‌లలో, అంటే గురువుల కింద కలిసి బతికే మన హిజ్రా సమూహాలలో, ఉండరు కనుక వాళ్ల చావులు మన చెవిదాకా రావు, వెతికి తెలుసుకోవాలి.

చదివేటప్పుడు చావు గురించి ఒక్క వాక్యం చాలు, మిగతాది బతుకు గురించి ఉండాలి. మా ఇంట్లో ఉండి పోయిన ఒకామె గురించి నేను ఏటా చదివేది నీకు నమూనాగా చెబుతాను. ఆమె సూళ్లూరుపేట వైపు వెళ్లే రైళ్లలో చప్పట్లు కొట్టి డబ్బులు అడుక్కునేది. చేపల పులుసులో పుల్ల మామిడికాయ ముక్క పడకపోతే గిన్నె ముట్టేది కాదు. కోరికకొక రొట్టె చేతులు మార్చుకునే రొట్టెల పండుగ వచ్చిందంటే బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె ఎవరిస్తామన్నా వద్దని, గృహ రొట్టె ఇచ్చేవాళ్ల కోసమే కేకలు వేస్తూ వెతికేది, ఎందుకంటే ఆమెకు టౌనులో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు దొరకలేదు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు రొట్టె వదలాలి. ఆమె ఏనాడూ వదలలేదు, పట్టుకోవడమే. ఇంత చెప్పాక వివక్ష మీద ఉపన్యాసం అక్కర్లేదు.

జాబితాలో ఎవరిని చేర్చాలన్న దగ్గర మీలో మీకే పేచీ వస్తుంది, దానికి సిద్ధంగా ఉండు. హత్యకు గురైనవాళ్లను మాత్రమే చదవాలని కొందరంటారు. నా ఉద్దేశం వేరు. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు నమ్మిన గుంపు ఒక ట్రాన్స్ మహిళను కొట్టి చంపింది. ఆమెను చేర్చడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇంట్లోంచి గెంటేస్తే ప్రాణం తీసుకున్న పద్దెనిమిదేళ్ల పిల్లను కూడా చేర్చాలి. మగవాళ్ల వార్డా, ఆడవాళ్ల వార్డా అని ఒక పెద్దాసుపత్రిలో స్ట్రెచర్ మీద అటూ ఇటూ తిప్పుతుండగా పోయిన మనిషినీ చేర్చాలి. అయితే ఒక్కొక్కరు ఎలా పోయారో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆత్మహత్యను హత్య అనకూడదు, హైవే మీద రాత్రిపూట లారీ గుద్దిన ప్రమాదాన్ని కుట్ర అనకూడదు. ఆత్మహత్య చేసుకున్నవారి విషయంలో ఎలా చేసుకున్నారన్నది పైకి చదవవద్దు; వింటున్నవాళ్లలో అదే ఆలోచనతో ఉన్నవాళ్లు ఉండవచ్చు. మనసు బాగోలేనివాళ్లు ఫోను చేసే ప్రభుత్వ సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416ను గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించు.

మన నెల్లూరు జిల్లాలోనే, కొడవలూరు మండలంలో, 2024 నవంబరులో జరిగిన హత్య గురించి కూడా సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. ఆమెను స్మరించుకోండి. చంపింది ఎవరు, ఎందుకు అన్నది కోర్టు తేల్చవలసిన విషయం, మీ వేదిక మీద దాని తీర్పు వద్దు. మనవాళ్లను చంపేది ఎప్పుడూ బయటివాళ్లే, ద్వేషంతోనే అన్న మాట వినడానికి బాగుంటుంది గాని, మన మధ్య కూడా ఎవరు ఎక్కడ అడుక్కోవాలన్న హద్దుల తగాదాలు, డబ్బు తగాదాలు, కత్తులు ఉన్నాయని తెలిసిన నేను ఆ మాట అనలేను. చంపినది ఎవరైనా, పోయిన మనిషిని మగవాడిగా రాసే రాత మాత్రం ఒక్కటే.

తల్లుల విషయం జాగ్రత్త. కబురు పెట్టు, బలవంతం చేయవద్దు. నాలుగైదేళ్ల కిందట ఒక తల్లి కందుకూరు దగ్గరి పల్లె నుంచి భర్తకు చెప్పకుండా, అరటిపళ్లు కొనడానికి వెళుతున్నానని చెప్పి వచ్చింది. చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చుంది. పేరు చదివేటప్పుడు లేచి నిలబడి, కడుపున పుట్టిన రోజు పెట్టిన మగపేరుతోనే ‘నాయనా’ అని పిలిచి ఏడ్చింది. పక్కనున్న చదువుకున్న పిల్ల ఒకతె ఆమెను సరిదిద్దబోతే నేను చెయ్యి పట్టి ఆపాను. పాత పేరు పలకకూడదన్న నియమం పోలీసుకు, విలేకరికి, మనకు వర్తిస్తుంది. చాటుగా వచ్చిన తల్లికి వర్తించదు. ఆమెను వేదిక మీదికి పిలవవద్దు, ఫొటో తీయవద్దు, వెళ్లేటప్పుడు బస్సు ఎక్కించి రమ్మని ఒకరిని పంపు.

ఫొటోలకు వస్తే, ఆ మనిషి తనకు తాను నచ్చి దిగిన ఫొటోనే పెట్టాలి. శవం ఫొటోలు, రక్తం ఫొటోలు ఏ కారణం చెప్పినా వద్దు. సభకు వచ్చేవాళ్లలో ఇంకా ఇంట్లో చెప్పుకోనివాళ్లు, ప్యాంటు చొక్కా వేసుకుని వచ్చి వెనుక నిలబడేవాళ్లు ఉంటారు. కెమెరా ఉన్న ప్రతి విలేకరికి జనం వైపు తిప్పవద్దని గుమ్మం దగ్గరే చెప్పు, వినకపోతే లోపలికి రానివ్వకు.

ఇక ఏర్పాట్లు. నవంబరు మూడో వారమంటే మనకు వాయుగుండాల కాలం. 2021లో సరిగ్గా ఆ రోజుల్లోనే పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, హైవే తెగి, నెల్లూరు, కోవూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. చర్చి సెంటర్ నుంచి కొవ్వొత్తుల ర్యాలీ చేయాలన్న నీ కోరిక మంచిదే గాని, హాలు కూడా మాట్లాడి ఉంచు. ర్యాలీకి, మైకుకు పోలీసుల అనుమతి కాగితం మీద తీసుకో. నోటిమాట ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్న ఎస్ఐ మారితే చెల్లదు. కొవ్వొత్తులే వెలిగించాలన్న పట్టుదల నాకు లేదు. తమిళనాడులోని కూవాగం జాతరలో కూత్తాండవర్ దేవుడి పేరున కట్టించుకున్న తాళి తెంచుకుని, గాజులు పగలగొట్టుకుని, తెల్లచీర కట్టుకుని ఏడ్చి వచ్చిన పెద్దవాళ్లు మీ దగ్గర కూడా ఉన్నారు. ఎలా ఏడవాలో వాళ్లను అడగండి. చనిపోయినవాళ్లలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ముగ్గురూ ఉంటారు కాబట్టి ఒక మతం ప్రార్థనతో మొదలుపెట్టకుండా నిమిషం సేపు మౌనం పాటిస్తే సరిపోతుంది.

అధికారులను పిలుస్తావు, పిలవాలి కూడా. అయితే వేదిక మీద కుర్చీలు వేయవద్దు, శాలువాలు, మెమెంటోలు కొనవద్దు. మన జిల్లాల్లో ఏ సభ అయినా సగం సేపు సన్మానాలతోనే గడుస్తుంది, చనిపోయినవాళ్ల వంతు వచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. పేర్లు చదవడం ముందు, ఉపన్యాసాలు తర్వాత. న్యాయవాదికి పది నిమిషాలు ఇవ్వు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో మన లింగం ఏమిటో మనమే చెప్పుకోవచ్చని ఇచ్చిన తీర్పు గురించి, ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ పేరుతో వచ్చిన 2019 చట్టం గురించి ఆయన చెప్పాలి. ఆ చట్టం వచ్చినప్పుడు 18వ సెక్షన్‌లో మన మీద లైంగిక దాడికి కూడా ఆరు నెలల నుంచి రెండేళ్ల శిక్షే రాశారు, అదే ఆడవాళ్ల మీద అత్యాచారానికి పదేళ్లకు తగ్గని శిక్ష ఉంది. ఇప్పటి నిబంధనలు ఏమిటో సభకు ముందు ఆయన్నే చూసుకుని రమ్మను. కలెక్టర్ దగ్గర గుర్తింపు పత్రం తీసుకోనివాళ్ల పేర్లు అక్కడే ఒక కాగితం మీద రాయించు. పత్రం ఉండి, దాని ప్రకారం ఆధార్ మార్చుకుంటే పంచనామాలో రేపు ఏ పేరు ఎక్కుతుందన్నది కొంతవరకైనా మన చేతిలో ఉంటుంది.

పత్రికలకు ఇచ్చే ప్రకటనను నువ్వే తెలుగులో రాసి, పేర్లన్నీ టైపు చేయించి, మధ్యాహ్నం మూడు గంటలలోపు ఒంగోలు విలేకరులకు అందజేయి. మనం రాసి ఇవ్వకపోతే వాళ్లు స్టేషన్‌లో అడిగి రాసుకుంటారు. ఫ్లెక్సీ షాపులో డిజైన్ అయ్యాక ప్రింటు వేయించకుండా దాని ఫొటో నాకు పంపు. ఒంగోలు, సింగరాయకొండ వైపువాళ్ల పేర్లు నీ గురువుకు తెలుసు, కావలి నుంచి ఇటు తడ దాకా ఉన్నవాటిని నేను చూసి చెబుతాను.

ఇట్లు,
మీ నానమ్మ,
నెల్లూరు.