పాపకీ నీకూ కవితల పుస్తకాలు కొనేముందు

అమ్మలూ, ఆశీస్సులు.

పాపకి ఇంగ్లీషు కవితల పుస్తకాలు ఏవి కొనాలి, నువ్వు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. ఫోన్లో చెబితే పేర్లన్నీ కలిసిపోతాయి, అందుకే రాస్తున్నాను. ఇక్కడ బ్రిటన్ లైబ్రరీల్లో పనిచేసినన్నాళ్ళూ పిల్లల్ని కూర్చోబెట్టి చదివి వినిపించడమే నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. అక్కడ నేర్చుకున్నవే నీకు చెబుతున్నాను.

పెద్ద పుస్తకాల షాపులో కవిత్వానికి ఇచ్చే చోటు చాలా తక్కువ. అందులోనూ ఎప్పుడో పోయిన మహాకవులు, సిలబస్‌లో ఉన్నవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఇప్పుడు రాస్తున్న బ్రిటిష్ కవుల్లో చాలామంది పుస్తకాలు చిన్న ప్రెస్సుల నుంచే వస్తున్నాయి. చిన్న ప్రెస్ అంటే, మన దగ్గర కవి సొంత డబ్బుతో అచ్చు వేయించుకుని ఆవిష్కరణ సభలో పంచిపెడతాడే, అలాంటిది అనుకోకు. ఎడిటర్ వచ్చిన రాతప్రతులన్నీ చదివి కొన్నిటినే ఎంచుకుంటారు. అచ్చు ఖర్చు ప్రెస్సే పెట్టుకుంటుంది, కవికి రాయల్టీ ఇస్తుంది. ఇంత పనీ చేసేది ముగ్గురో నలుగురో మనుషులు, కొన్నిచోట్ల ఒక్కరే.

మీ బర్మింగ్‌హామ్‌లోనే ఎమ్మా ప్రెస్ ఉంది. ఎమ్మా రైట్ అనే ఆవిడ పెద్ద పబ్లిషింగ్ సంస్థలో ఉద్యోగం మానేసి 2012లో మొదలుపెట్టింది. పెద్దవాళ్ళ కోసం పాంప్లెట్లు వేస్తుంది (ముప్పై పేజీల చుట్టూ ఉండే పలుచని కవితల పుస్తకాన్ని ఇక్కడ అలా అంటారు), పిల్లల కోసం కవితలూ కథలూ వేస్తుంది. పాంప్లెట్లు బాగా వేసే ప్రెస్‌గా 2016లో మైకల్ మార్క్స్ అవార్డు వచ్చింది. ఆ ఏడాదే వేసిన పిల్లల కవితల పుస్తకం 'మూన్ జ్యూస్'కి 2017లో క్లిప్పా అనే పిల్లల కవిత్వ బహుమతి వచ్చింది. రాసింది కేట్ వేక్‌లింగ్, బొమ్మలు వేసింది లాత్వియా చిత్రకారిణి ఎలీనా బ్రాస్లిన్యా. పాపకి మొదట కొనాల్సింది అదే అని నా అభిప్రాయం.

ఎందుకంటే, పిల్లల పుస్తకాల విషయంలో నేను చూసేది ఒకటే. పెద్దల కవిత్వం మీద ఎంత శ్రద్ధ పెడతారో పిల్లల కవిత్వం మీదా అంతే పెట్టే ప్రెస్సా కాదా అని. అలాంటిచోట పిల్లల కవిత అంటే చివర ప్రాస కలిపి, పళ్ళు తోముకోమనో పంచుకు తినమనో చెప్పి ముగించరు. పిల్లకి అర్థం కాదేమోనన్న భయంతో మంచి మాటని తీసెయ్యరు. ఏడేళ్ళ పిల్లకీ దిగులు ఉంటుందని, అనవసరంగా నవ్వొస్తుందని, రాత్రిపూట పెద్ద పెద్ద ప్రశ్నలు పుడతాయని వాళ్ళకి తెలుసు. పుస్తకం చేతిలోకి తీసుకోగానే మధ్యలో ఎక్కడో తెరిచి ఒక కవిత పెదాలు కదుపుతూ చదువు. నీకే విసుగనిపిస్తే పాపకోసమని కొనొద్దు. పిల్లల కవిత పెద్దవాళ్ళకీ నచ్చితీరాలి, ఎందుకంటే పదిసార్లు చదవాల్సింది నువ్వే.

ఎమ్మా ప్రెస్ పిల్లల పుస్తకాల్లో లాత్వియన్, ఎస్టోనియన్, డచ్ భాషల నుంచి అనువాదమైనవీ ఉన్నాయి. పాపకి అవి కూడా చూపించు. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష మాట్లాడే పిల్లకి, ఈ కవిత పుట్టింది ఇంగ్లీషులో కాదని తెలియడం మంచిది. లోకంలో ఇంగ్లీషే అసలు భాష, మిగతావన్నీ అమ్మమ్మలతో మాట్లాడుకోవడానికే అన్న ఆలోచన పిల్లలకి చాలా చిన్నప్పుడే పడిపోతుంది.

ఇక చదవడం. నీ ఇంగ్లీషు యాస పాపకి అంటుకుంటుందని టెన్షన్ పడుతున్నావు. ఆ టెన్షన్ అస్సలు వద్దమ్మా. ఇవాళ్టి బ్రిటిష్ కవిత్వం నిండా యాసలే. యార్క్‌షైర్ యాసలో రాసేవాళ్ళున్నారు, గ్లాస్గో యాసలో, జమైకా యాసలో రాసేవాళ్ళున్నారు. పొయెట్రీ ఆర్కైవ్ అని ఒకటుంది, 2005 నుంచి కవులు తమ గొంతుతో చదివిన రికార్డింగులు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతోంది. పిల్లల కవితలకి వేరే విభాగం కూడా ఉంది. రాత్రి అన్నాలయ్యాక ఒకటి పెట్టి వినండి, తర్వాత అదే కవిత నీ గొంతుతో నువ్వు చదువు. పాపకి కావాల్సింది అమ్మ గొంతు.

అర్థం అడగకు. 'ఇందులో కవి ఏం చెప్పాడు?' అనే ప్రశ్న బళ్ళో ఎలాగూ అడుగుతారు. 11 ప్లస్‌కి (గ్రామర్ స్కూళ్ళ ప్రవేశ పరీక్షకి) పనికొస్తుందని ఎవరైనా అన్నా, ఆ లెక్కతో ఈ పుస్తకాలు తెరవొద్దు. రాత్రికి ఒక్క కవిత చాలు. అదే మళ్ళీ కావాలంటే అదే చదువు. పాపకి నోటికొచ్చిన రోజున వాట్సాప్‌లో వాళ్ళ అమ్మమ్మకి వినిపించమను. మా చెల్లికి ఇంగ్లీషు అంతగా రాదు గానీ చెవి గట్టిది, లయ పట్టుకుంటుంది. బదులుగా ఒక వేమన పద్యం అందుకుంటుంది చూడు, పాప ఆ రోజు తెలుగు పద్యాన్ని కూడా కవిత్వంగానే వింటుంది.

నీ విషయానికొస్తే, ఒకే కవి పుస్తకంతో మొదలుపెట్టకు, సంకలనంతో మొదలుపెట్టు. బ్లడాక్స్ బుక్స్ అనే ప్రెస్ ఇంగ్లండ్ ఉత్తరాన ఉంది, 1978లో నీల్ ఆస్ట్లీ న్యూకాజిల్‌లో మొదలుపెట్టాడు. ఆయన కూర్చిన 'స్టేయింగ్ అలైవ్' 2002లో వచ్చింది, 500 కవితలు. వరసగా చదవకు. నచ్చిన కవిత పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకో, ఆ కవుల పుస్తకాలే తర్వాత కొనుక్కో. బ్లడాక్స్ కవుల్లో ఇంతియాజ్ ధార్కర్‌ని మాత్రం తప్పకుండా చదువు. లాహోర్‌లో పుట్టి గ్లాస్గోలో పెరిగింది, ముంబైలోనూ ఉంది. తన పుస్తకాలకి బొమ్మలు తనే వేసుకుంటుంది. ఇల్లు అంటే ఏది అని మనం పడే తికమక అంతా ఆవిడ కవితల్లో ఉంది. లీడ్స్‌లో పీపల్ ట్రీ ప్రెస్ ఉంది, కరీబియన్ మూలాలున్న రచయితలకి పెట్టింది పేరు. వాళ్ళు 2019లో వేసిన రోజర్ రాబిన్సన్ పుస్తకం 'ఎ పోర్టబుల్ పారడైజ్'కి ఆ ఏడాది కవిత్వానికిచ్చే టి.ఎస్. ఎలియట్ ప్రైజ్ వచ్చింది. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఫ్లాట్ల భవనంలో జరిగిన అగ్నిప్రమాదం మీది కవితలు అందులో ఉన్నాయి. పాప పడుకున్నాక చదువుకో.

డబ్బు సంగతి. పాంప్లెట్ అయితే ధర తక్కువ, పూర్తి పుస్తకం అంతకంటే ఎక్కువ ఉంటుంది. వీలైనంతవరకూ ప్రెస్ వెబ్‌సైట్‌లోనే కొను. షాపులో కొంటే ధరలో దాదాపు సగం షాపుకీ డిస్ట్రిబ్యూటర్‌కీ పోతుంది, మిగిలిన దాంట్లోంచే అచ్చు ఖర్చు, రాయల్టీ, జీతం రావాలి. ఎంతో పేరున్న సాల్ట్ పబ్లిషింగ్, కవిత్వం అమ్మకాలు పడిపోయి, 2013లో ఒక్కో కవి పుస్తకం విడిగా వేయడం ఆపేసింది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

అన్నీ కొనక్కర్లేదు కూడా. లైబ్రరీలో లేకపోతే తెప్పించమని అడుగు, సిగ్గుపడకు. ఇక్కడ లైబ్రరీ పుస్తకాన్ని ఎన్నిసార్లు తీసుకెళ్ళారో అంచనా వేసి, నమోదు చేసుకున్న రచయితకి ప్రభుత్వం ఒక్కోసారికి కొన్ని పెన్నీలు లెక్కగడుతుంది, కాబట్టి ఉచితంగా చదివినా కవికి అన్యాయం జరగదు. లండన్ వచ్చినప్పుడు సౌత్‌బ్యాంక్‌లోని నేషనల్ పొయెట్రీ లైబ్రరీకి పాపని తీసుకురా. 1953 నుంచి ఉంది, సభ్యత్వానికి డబ్బు కట్టక్కర్లేదు, పిల్లల పుస్తకాలకి వేరే చోటుంది.

టర్మ్ చివర టీచర్‌కి చాక్లెట్ డబ్బా ఇస్తున్నారు కదా. నాటింగ్‌హామ్‌లోని క్యాండిల్‌స్టిక్ ప్రెస్, గ్రీటింగ్ కార్డుకి బదులుగా ఇవ్వడానికి చిన్న కవితల పాంప్లెట్లు వేస్తుంది, కవరుతో సహా వస్తాయి. ఈసారి అది ఇచ్చి చూడు.

ఈ నెలకి మాత్రం 'మూన్ జ్యూస్' ఒక్కటి తెప్పించు. పాపకి ఏ కవిత నచ్చిందో, ఏది నచ్చలేదో రెండూ నాకు రాయి. దాన్నిబట్టి తర్వాత ఏది కొనాలో చెబుతాను. అల్లుడిగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ