టెక్ సందేహాలు: జీటీఏ 6 కోసం ఇప్పుడే గ్రాఫిక్స్ కార్డు కొనాలా?

ప్రశ్న: జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) వీడియో గేమ్ ఐదో భాగం, అంటే జీటీఏ 5, వచ్చినప్పుడు నేను ఆరో తరగతి. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. ఆరో భాగం మాత్రం ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు. ఒకప్పుడు ఏడాది తిరిగేసరికి ఏదో ఒక గేమ్ ఇచ్చిన రాక్‌స్టార్ కంపెనీకి ఏమైంది?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ కోపంలో సగం న్యాయం ఉంది. ముందు లెక్క చూద్దాం. జీటీఏ 3 2001లో, వైస్ సిటీ 2002లో, శాన్ ఆండ్రియాస్ 2004లో వచ్చాయి. మూడింటికీ రెండర్‌వేర్ అనే ఒకే ఇంజిన్ (గేమ్‌కు పునాదిగా ఉండే సాఫ్ట్‌వేర్) వాడారు కాబట్టి పని త్వరగా తెమిలింది. నాలుగో భాగానికి సొంత ఇంజిన్‌కు మారారు, అది 2008లో వచ్చింది. అయినా అప్పట్లో మనకు కరవు తెలియలేదు. ఎందుకంటే ఆ కంపెనీకి చెందిన ఒక్కో స్టూడియో ఎక్కువగా ఒక్కో గేమ్ మీద ఉండేది. 2010లో రెడ్ డెడ్ రిడెంప్షన్, 2012లో మ్యాక్స్ పేన్ 3, 2013 సెప్టెంబరు 17న జీటీఏ 5 వచ్చాయి.

ఆ తర్వాత పద్ధతి మారింది. స్టూడియోలన్నింటినీ ఒకే గేమ్ మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. అలా తయారైన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 విడుదలైంది 2018 అక్టోబరులో. మన బెంగళూరులోని ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ స్టూడియోను 2019లో కొని, అక్కడే ఉన్న రాక్‌స్టార్ ఇండియాలో కలుపుకున్నారు. మనుషులు పెరిగారు, చేతిలో ఉన్న గేమ్‌లు మాత్రం తగ్గాయి. మీకు కనిపిస్తున్న ఖాళీ అదే. అంతే తప్ప పదమూడేళ్లుగా ఒక్క గేమ్‌నే చెక్కుతూ కూర్చోలేదు.

రెండో కారణం డబ్బు. జీటీఏ 5 ఇప్పటికి 20 కోట్ల కాపీలు దాటింది. 2013లో ఒకసారి, 2014లో కొత్త కన్సోళ్లకు (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాలకు) మరోసారి, 2022లో పీఎస్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకు ఇంకోసారి అదే గేమ్‌ను అమ్మారు. దానికి తోడు అదే గేమ్‌ను నెట్‌లో నలుగురితో కలిసి ఆడే జీటీఏ ఆన్‌లైన్‌లో షార్క్ కార్డుల (అసలు డబ్బుతో ఆటలోని డబ్బు కొనే కార్డుల) అమ్మకం ఆగిందే లేదు. పాత సరుకుకే ఇంత గిరాకీ ఉంటే కొత్తది ఫలానా నెలలో దించి తీరాలన్న తొందర ఎవరికి ఉంటుంది?

మీ కోపంలోని న్యాయమైన సగం ఇక్కడుంది. ఐదో భాగం కథకు 2014లో కొనసాగింపు ఇస్తామని చెప్పారు. అది రానే లేదు. ఆరో భాగం మొదటి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది. రెండోది 2025 మేలో. మధ్యలో పదిహేడు నెలల మౌనం. మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, 2025 నవంబరులో దాన్ని 2026 నవంబరు 19కి జరిపారు. గేమ్‌కు మెరుగులు దిద్దడానికే అన్నారు. నమ్మవచ్చు. 2021లో పాత మూడు జీటీఏలకు కొత్త రూపమిచ్చి అతుకుల బొంతలా వదిలి, క్షమాపణ చెప్పుకున్న కంపెనీ ఇదే. 2020 డిసెంబరులో లోపాలతో విడుదలైన సైబర్‌పంక్ 2077 అనే మరో కంపెనీ గేమ్‌ను సోనీ తన స్టోర్ నుంచే తొలగించవలసి వచ్చింది. వాయిదా కన్నా అది ఘోరం. పైగా తొందరపెడితే ఆ భారం పడేది ఉద్యోగుల నెత్తిన. రెడ్ డెడ్ 2 సమయంలో కొందరు వారానికి వంద గంటలు పనిచేశారన్న మాట 2018లో పెద్ద దుమారమే లేపింది. నన్నడిగితే ఆలస్యాన్ని క్షమించవచ్చు. పని ఒక కొలిక్కి రాకముందే ఏడాది ప్రకటించి, ఆపై నోరు మెదపకపోవడాన్నే తప్పు పట్టాలి.

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో జీటీఎక్స్ 1650 కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. జీటీఏ 6 కోసం కొత్త కార్డుకు నాన్నగారు 40 వేలు ఇస్తానన్నారు. ఏది కొనమంటారు?
— కాకినాడ నుంచి బీటెక్ విద్యార్థి

జవాబు: ఏదీ వద్దు. కంపెనీ ప్రకటించింది పీఎస్ 5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు మాత్రమే. పీసీ మాటే ఎత్తలేదు. పాత చరిత్ర చూస్తే నాలుగో భాగం పీసీకి ఏడు నెలలు ఆలస్యంగా, ఐదో భాగం పందొమ్మిది నెలలు ఆలస్యంగా వచ్చాయి. రెడ్ డెడ్ 2కు ఏడాది దాటింది. మొదటి రెడ్ డెడ్ అయితే పీసీ గడప తొక్కడానికి పద్నాలుగేళ్లు తీసుకుంది! ఆరో భాగానికీ అదే వరస అయితే మీరు 2028 దాకా ఎదురుచూడవలసి రావచ్చు. ఏ కార్డు కావాలో ఎవరూ చెప్పని గేమ్ కోసం ఈరోజే కార్డు కొంటే, తీరా అది వచ్చేనాటికి మీ కార్డు పాతబడుతుంది. నాన్నగారి డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. మరీ చేయి దురదగా ఉంటే ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించి, 150 జీబీ ఖాళీ చేసుకుని రెడ్ డెడ్ 2 మొదలుపెట్టండి. సెట్టింగులు కాస్త తగ్గిస్తే మీ కార్డుతోనే నడుస్తుంది.

ప్రశ్న: ఇలా ఏళ్ల తరబడి ఎదురుచూసిన గేమ్ నిజంగా వచ్చిన సందర్భం ఉందా?
— వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. హాలో నైట్ తర్వాతి భాగం సిల్క్‌సాంగ్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 సెప్టెంబరు 4న విడుదల చేశారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన చిన్న బృందం అది. ఆరోజు కొనేవారి తాకిడికి ఆన్‌లైన్ స్టోర్లు మొరాయించాయి. ఎల్డర్ స్క్రోల్స్ 6ను మాత్రం 2018లోనే ప్రకటించారు, విడుదల తేదీ మాత్రం ఇంకా చెప్పలేదు. ఆ గేమ్ అభిమానులతో పోలిస్తే జీటీఏ వాళ్లు అదృష్టవంతులు, చెప్పుకోవడానికి ఒక తేదీ అయినా ఉంది.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ‘జీటీఏ 6 మొబైల్ బీటా’ ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) దొరికింది. మా తమ్ముడు ఫోనులో ఇన్‌స్టాల్ చేశాడు. గేమ్ మాత్రం తెరుచుకోవడం లేదు.
— నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: తెరుచుకోదు. మొబైల్‌కు అలాంటి గేమ్ ఏదీ ప్రకటించలేదు. ఆ పేరుతో మీ సమాచారం, డబ్బు కాజేసే నకిలీ యాప్ కావచ్చు అది. వెంటనే ఇంటర్నెట్ ఆపి ఆ యాప్‌ను తీసేయండి. తొలగించనివ్వకపోతే సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు దానికి ఉన్నాయేమో చూసి ముందు వాటిని రద్దు చేయండి. బ్యాంకు, యూపీఐ, ఈమెయిల్ పాస్‌వర్డులను మరో ఫోను నుంచి మార్చండి. ఖాతాలోంచి రూపాయి పోయినా ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తమ్ముణ్ణి తిట్టడం ఆ తర్వాత.