మూతే పనిబల్లగా ఉన్న టూల్ బాక్స్ కొంటే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది చిన్న ఇల్లు, పనిబల్ల వేసుకునే చోటు లేదు, చిన్నా చితకా రిపేర్లు మీరే చేసుకుంటారు. మూత మీద పెట్టి కోసుకోవడానికి, విప్పి బిగించుకోవడానికి వీలుగా చేసిన టూల్ బాక్స్ ఒకటి చూశారు. అది మామూలు పెట్టె కంటే పనికొస్తుందా, లేక మూత మీద నాలుగు గాడులు వేసి అమ్ముతున్నారా అన్నది మీ సందేహం. దాన్నే స్టూలుగా కూడా వాడుకోవచ్చా అని చివర్లో అడిగారు.

నేను ఇలాంటి పెట్టెను కొన్నేళ్లుగా వాడుతున్నాను. పనికొస్తుంది, బాగా పనికొస్తుంది. కాకపోతే కొనేముందే ఒక సంగతి ఆలోచించుకోవాలి. మూత మీద పని పెట్టారంటే పెట్టె మూసుకుపోయినట్టే. పైపు సగం కోశాక కొలత టేపు లోపలే ఉండిపోయిందని గుర్తొస్తే, పైనున్నదంతా దించాలి, మూత తీయాలి, మళ్లీ అన్నీ సర్దుకుని మొదలుపెట్టాలి. రెండుసార్లు ఇలా జరిగితే ఎవరికైనా విసుగొచ్చి పనిని నేల మీదే కానిచ్చేస్తారు. అందుకే ఈ పెట్టె ఎంత ఉపయోగపడుతుందన్నది గాడుల కంటే మీ అలవాటు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పని మొదలుపెట్టే ముందే ఏమేం కావాలో ఒకసారి తలచుకుని బయటికి తీసి పక్కన పెట్టుకోవాలి. లేదంటే మూత తీయకుండానే లాగగలిగే డ్రాయరు ముందువైపు ఉన్న రకం కొనుక్కోవాలి. నన్నడిగితే రెండోదే నయం. డ్రాయర్లో పెన్సిల్, టేపు, కత్తి, స్క్రూడ్రైవర్ బిట్లు, స్క్రూల డబ్బా ఉంటే ముప్పాతిక వంతు పని మూత ముట్టుకోకుండానే అయిపోతుంది.

ఇక ఉపయోగాలు. మూత మీద వి ఆకారంలో ఒక లోతైన గాడి ఉంటుంది చూడండి, ఆ పెట్టెకి ఆయువుపట్టు అదే. గుండ్రటి వస్తువును చదునైన చోట పెట్టి కోస్తే దొర్లుతుంది. గాడిలో పెడితే రెండు వైపులా ఆనుకుంటుంది కాబట్టి పక్కకు పోదు, పైనుంచి ఒక చేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు. పీవీసీ పైపు, కర్టెన్ రాడ్డు, అల్యూమినియం గొట్టం, చెక్క కర్ర, ఇవన్నీ అందులో చక్కగా కూర్చుంటాయి. కోయాల్సిన గుర్తు మాత్రం పెట్టె అంచు దాటి రెండు మూడు అంగుళాలు బయటికి రావాలి, లేకపోతే రంపం పైపుతో పాటు మూతనూ కోసేస్తుంది. గుర్తు వంకర పోకుండా ఉండాలంటే పైపు చుట్టూ ఒక కాగితం చుట్టండి. కాగితం అంచు తిరిగొచ్చి తన మీద తాను సరిగ్గా కలిసేలా సర్ది, ఆ అంచు వెంబడే పెన్సిల్‌తో గీస్తే గీత చుట్టూ ఒకే తీరుగా వస్తుంది.

హ్యాక్సా, అంటే లోహం కోసే రంపం, దాని బ్లేడు పళ్లు పిడికి దూరంగా, ముందుకు చూసేలా బిగించాలి. అది ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు బరువు వేయక్కర్లేదు. అంగుళానికి 24 పళ్లున్న బ్లేడు ఇంటి పనులు చాలావాటికి సరిపోతుంది, బాగా పల్చటి గొట్టమైతే 32 పళ్లది మేలు. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఒకేసారి లోహం మందం మీద ఆనేలా చూసుకుంటే బ్లేడు ఇరుక్కోదు, పళ్లు విరగవు. కోశాక అంచున లేచిన నూగును సాండ్ పేపర్‌తో తీసేయండి. పీవీసీ పైపుకి ఇది మరీ ముఖ్యం. నూగు ఉండిపోతే, పైపును లోపలికి దూర్చేటప్పుడు అంటించే సిమెంటును (పైపుల జిగురును) అదే గీకి పక్కకు తోసేస్తుంది, అతుకు కారుతుంది.

కోసేటప్పుడు మీరు తోసే ఊపుకి పెట్టె కూడా ముందుకు జారుతుంది. దీనికి మందు బరువే. సుత్తి, పైపు రెంచి, స్పానర్ల సెట్టు లాంటి బరువైనవన్నీ అడుగున ఉంచి, పెట్టెను గోడకు ఆనించి, గోడ వైపు తోస్తూ కోయండి. అడుగున రబ్బరు షీటు ముక్క వేస్తే ఇంకా కదలదు. పనిముట్లన్నీ బయట పరిచేసి ఖాళీ పెట్టె మీద పని మొదలుపెడితే అది కుదురుగా నిలబడదు, అందుకే తీసేవి తేలికైనవి, లోపల ఉండేవి బరువైనవి అయ్యేలా సర్దుకోవాలి.

ఎత్తు గురించి కూడా చెప్పాలి. నిలబడి చేసే పనిబల్ల సుమారు 85 నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. చేత్తో మోసుకెళ్లే మామూలు టూల్ బాక్స్ 25, 30 సెంటీమీటర్లకు మించదు. కాబట్టి నేల మీదో చిన్న పీట మీదో కూర్చుని చేసే పనులకే ఇది. చక్రాలున్న పెద్ద రకాలు 60 సెంటీమీటర్ల దాకా వస్తాయి, వాటి మీద చెక్కను మోకాలితో అదిమి పట్టి రంపంతో కోసుకోవచ్చు. మీ మోకాళ్లు, నడుము ఏది ఒప్పుకుంటే అది తీసుకోండి, ఈ విషయంలో మొహమాటపడొద్దు.

నిజం చెప్పాలంటే నేను కోయడానికి వాడేది తక్కువ, విప్పి బిగించడానికి వాడేదే ఎక్కువ. మంచం మీదో సోఫా మీదో పెట్టి విప్పితే స్క్రూలు మడతల్లోకి పోతాయి, డైనింగ్ టేబుల్ మీద పెడితే గీతలు పడతాయి. ఈ మూతకి చుట్టూ చిన్న అంచు, మధ్యలో గుంతలు ఉంటాయి కాబట్టి పడినవి అక్కడే ఆగుతాయి. తలుపు తాళం బిగుసుకుపోయిందనుకోండి. దాన్ని తలుపులోంచి ఊడదీసి, మూత మీద లేతరంగు గుడ్డ పరిచి, పైరేకు మీదికి వచ్చేలా పడుకోబెట్టండి. స్క్రూలు తీశాక రేకును ఒక్కసారిగా లేపేయకండి. ఒక చేత్తో నొక్కి ఉంచి, రెండో చేత్తో సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా లేపితే లోపలి స్ప్రింగు ఎగిరిపోదు. రేకు లేవగానే, ఏ ముక్కనూ ముట్టుకోక ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. తర్వాత ఒక్కో ముక్కా తీసిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి గాడిలో పేర్చుకుంటూ వెళ్లండి. దుమ్ము తుడిచి, జారుడు కోసం గ్రాఫైట్ పొడి కొద్దిగా వేసి, కుడి నుంచి ఎడమకి తిరిగి బిగించుకుంటూ రండి. ఏ ముక్క ఎక్కడిదన్న టెన్షన్ ఉండదు. సైకిల్ చక్రం ఇరుసులోని బాల్స్ తీసేటప్పుడు, కుళాయి వాషర్ మార్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి. మూత మూలన ఒక అయస్కాంతపు గిన్నె పెట్టుకుంటే ఇనుప ముక్కలన్నీ దానికే అంటుకుని ఉంటాయి. ఇత్తడివి, స్టెయిన్‌లెస్ స్టీల్లో చాలా రకాలు అంటుకోవు, వాటికి వేరే డబ్బా ఉంచుకోండి.

పెట్టె పని దగ్గరికే రావడం ఇంకో లాభం. సింకు కింద, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన, ఆగిపోయిన బండి దగ్గర బల్ల ఎక్కడ దొరుకుతుంది? అక్కడ శుభ్రమైన, చదునైన చోటు ఒక్క చదరపు అడుగు ఉన్నా సగం పని తేలికవుతుంది. అయితే బండి విషయంలో ఒక మాట. చక్రం విప్పినప్పుడు బండి బరువు ఆపడానికి ఈ పెట్టెను కింద పెట్టాలన్న ఆలోచన కూడా రానివ్వకండి. అది ఎంత గట్టిగా కనిపించినా జాకీ స్టాండు కాదు, పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

మూత మీద చేయకూడని పనులు కొన్నున్నాయి. సుత్తితో గట్టిగా కొట్టేవి, ఉలితో తొలిచేవి మధ్యలో చేయొద్దు. మూత మధ్యభాగం కింద ఆధారం ఉండదు, దెబ్బకి స్ప్రింగులా ఊగుతుంది, దెబ్బ పనికి తగలదు. తప్పదనుకుంటే పెట్టె పక్క గోడకు సరిగ్గా పైనుండే అంచు మీద పెట్టి కొట్టండి. ఇంకా మంచిది నేల మీద చెక్క దిమ్మ పెట్టి కొట్టడం. సోల్డరింగ్ కూడా నేరుగా వద్దు. ఇలాంటి పెట్టెలు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, అది 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన 300 డిగ్రీలు దాటి ఉంటుంది. గచ్చుకి వేసే సిరామిక్ టైల్ ముక్క ఒకటి అడుగున పెట్టుకుంటే గొడవే లేదు. పైపు అంటించే సిమెంటు కూడా కొన్ని రకాల ప్లాస్టిక్‌ను తినేస్తుంది, కాబట్టి పాత కాగితాలు పరిచి చేయండి. డ్రిల్లు వేసేటప్పుడు కింద ఒక పాత చెక్క ముక్క తప్పనిసరి. బిట్ అవతలికి వచ్చేటప్పుడు మూతకి చిల్లు పడదు, మీరు తొలిచే చెక్క అడుగున పెచ్చులూ లేవవు.

ఒక లోపం మాత్రం చాలా పెట్టెల్లో చూశాను. మూత అంచులు గుండ్రంగా, లోపలికి వంగి ఉంటాయి, సీ క్లాంపు (పనిని బల్లకి బిగించి పట్టే సి ఆకారపు పట్టు) పట్టడానికి చోటే ఉండదు. క్లాంపు పట్టలేకపోతే అదేం పనిబల్ల? దీనికి నేను చేసుకున్న ఏర్పాటు మీకు బాగా పనికొస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను మూత కంటే అన్ని వైపులా మూడు నాలుగు సెంటీమీటర్లు పెద్దదిగా కోయించండి. దాని అడుగున, మూత అంచుల్ని బయటి నుంచి ఒరుసుకునేలా నాలుగు సన్నటి చెక్క పట్టీలు స్క్రూలతో బిగించండి. మూత మీద పెడితే అటూ ఇటూ జరగదు, ఎత్తితే ఊడొస్తుంది. బయటికి పొడుచుకొచ్చిన అంచుకి క్లాంపు పడుతుంది, డ్రిల్లు తగిలినా కత్తి గీసినా పాడయ్యేది ప్లైవుడ్డే. పాడైతే కొత్తది వేసుకుంటారు. ఈ పలకను మీ దగ్గరున్న మామూలు పెట్టెకీ చేసుకోవచ్చు, పైభాగం చదునుగా ఉండి, పిడి లోపలికి మడిచేది అయితే చాలు. కాబట్టి పాత పెట్టె ఇంకా గట్టిగా ఉంటే కొత్తది కొనకుండా ముందు ఇదే చేసి చూడమంటాను.

కొనేటట్టయితే షాపులో పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు మూత మధ్యలో రెండు అరచేతులతో గట్టిగా నొక్కి చూడండి. బాగా వంగితే వదిలేయండి. గడియలు లోహంవి అయితే మంచిది. మూత కీలు పొడుగునా ఒకే కడ్డీ మీద ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది, రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కల మీద వేలాడేది త్వరగా విరుగుతుంది. మూత మీద అచ్చుపోసిన స్కేలు గీతలుంటాయి, వాటిని ఉజ్జాయింపుకే వాడండి, సరైన కొలతకి టేపే వాడాలి.

ఇక స్టూలు సంగతి. ఎంత బరువు మోస్తుందో కొన్ని పెట్టెలకు మూత మీదో, దానితో వచ్చిన కాగితంలోనో కిలోల్లో రాసి ఉంటుంది. రాసి ఉండి, మీ బరువు దానికంటే తక్కువైతే గడియలు పెట్టి నిశ్చింతగా కూర్చోండి. రాసి లేకపోతే కూర్చోవద్దు. ఎక్కి నిలబడటం మాత్రం, నిలబడొచ్చని తయారుచేసినవాళ్లే స్పష్టంగా రాస్తే తప్ప వద్దు. నిలబడ్డప్పుడు బరువంతా రెండు పాదాల కిందే పడుతుంది, అంచు మీద అడుగు వేస్తే పెట్టె ఒరిగిపోతుంది. బల్బు మార్చడానికి చిన్న నిచ్చెన వేసుకుని, పెట్టెను దాని పక్కన పెట్టుకోండి.