నాన్నకు చెప్పాల్సింది మీరే

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 28. బీటెక్ అయ్యాక గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా. ఏడాదిగా లైబ్రరీకని చెప్పి కాజీపేటలో మేనమామ కార్పెంటర్ షెడ్డుకు పోతున్నా. అక్కడ మనసు నిమ్మళంగా ఉంటుంది. మా తాత ఊళ్లో వడ్ల (వడ్రంగి) పని చేసేవాడు. నాన్న అందులోంచి బయటపడి గవర్నమెంట్ టీచరయ్యారు. తెలిస్తే తట్టుకోలేరు. అమ్మకు మాత్రం తెలుసు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇచ్చాం. అసలు దాంట్లో గ్రూప్స్ ముచ్చట రెండు లైన్లు, హసన్‌పర్తిలో ఒక ఇంటికి మీరు చేసిన టేకు దర్వాజ ముచ్చట పేజీన్నర. ముహూర్తం నాడు గడపకు పసుపు రాసి బొట్లు పెట్టాక ఇంటామె మీకు కొత్త బట్టలు పెడితే మాట రాలేదన్నారు. మీ మనసు ఎటుందో నన్ను అడగాల్సిన పని లేదు.

అయినా ఒక అనుమానం. పరీక్షల టెన్షన్ నుంచి తప్పించుకున్నవాళ్లకు ఏ పనైనా కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది. రోజంతా సాండ్‌పేపర్ రుద్దడం, ముక్కు నిండా పొట్టు, ఆఖరి పేమెంటు కోసం ఓనర్ చుట్టూ తిరగడం... ఈ చివరిదాన్ని ఇప్పుడు మామయ్య భరిస్తున్నారు. ఒక కిటికీనో, దేవుడి మందిరాన్నో కొలతల నుంచి పైసల వసూలు దాకా మీరొక్కరే చేసి చూడండి. అప్పటికీ పొద్దున్నే షెడ్డుకే పోబుద్ధయితే ఇక అనుమానం అక్కర్లేదు.

నాన్నగారికి నామోషీ అని మీరనుకుంటున్నారు. నాకది భయంలా కనిపిస్తోంది. తాతగారి కాలంలో నాగళ్లు, గుంటకలు చేసిపెడితే పంటొచ్చాక రైతులు కొలిచే గింజలే కూలి. కాలం కాని ఏడు అవీ సరిగా రావు. ట్రాక్టర్లు వచ్చాక నాగలి చేయించుకునేవాళ్లే తగ్గిపోయారు. ఆ ఇంట్లో పెరిగిన మనిషికి ‘నాకు తృప్తిగా ఉంది’ అంటే ఎక్కదు. లెక్కల నోట్‌బుక్ ముందు పెట్టండి: ఏ నెల ఎంతొచ్చింది, పని లేని నెలలెన్ని, ఎవరి దగ్గర ఎంత ఆగింది. ఇంకొక్క నోటిఫికేషన్ రాయమని అడిగితే, ఒప్పుకున్నాక నిజంగానే చదవండి. చదవలేననుకుంటే ఒప్పుకోకండి.

సొంత షెడ్డుకు లోన్ గురించి అడిగారు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం వడ్రంగులకు ఉంది కానీ ప్రభుత్వ ఉద్యోగి కుటుంబానికి వర్తించదు. పెళ్లికాని కొడుకూ ఆ కుటుంబం కిందికే వస్తాడు. (నాన్నగారి ఉద్యోగం ఇక్కడా అడ్డొచ్చింది!) ముద్ర పథకంలో ‘శిశు’ కింద రూ.50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, మీ బ్యాంకులో అడగండి. తొందర మాత్రం లేదు. ఇంకో ఏడాది మామయ్య దగ్గరే కూలి తీసుకుంటూ నేర్చుకోండి.

లైబ్రరీ అబద్ధం మాత్రం ఈ వారమే ఆపాలి. షెడ్డులో మిమ్మల్ని చూసినవాళ్లెవరో ఆయన చెవిన వేస్తే, పని కన్నా దాచినందుకే ఎక్కువ బాధపడతారు. అమ్మతో చెప్పించాలని చూడకండి. ఏడాదిగా ఆమె మీ కోసం ఆయన దగ్గర నోరు మూసుకుని ఉంది, అది చాలు. ఆదివారం ఆయన ఇంట్లో ఉన్నప్పుడు మీరే కూర్చుని చెప్పండి. మొదటి రోజు అరుస్తారు, అరవనివ్వండి.